రేగడిపాలెంలో స్వర్ణాన్వేషణ

మా నియోజకవర్గపు నేల కింద బంగారం ఉన్నదని గౌరవనీయ మంత్రివర్యులు మిర్చి రైతుల సభలో ప్రకటించారు. ఉండవచ్చునని అనలేదు, ఉన్నదని అన్నారు. ప్రజలకు సందేహాలను పంచిపెట్టే నాయకులు చాలామంది ఉంటారు. నిశ్చయాన్ని పంచిపెట్టగలవారు అరుదు. ఆధారమేమిటని ఒక విలేకరి అడిగాడు. మంత్రివర్యులు వేదిక ముందు రాశిగా పోసిన మిరపకాయలను చూపించి, పైన ఇంత రంగు తేలిందంటే కింద ఏదో ఒకటి లేకుండా ఉంటుందా అని ఎదురు ప్రశ్న వేశారు. విలేకరి ఆ ప్రశ్ననే సమాధానంగా రాసుకున్నాడు. ప్రభుత్వ కళాశాలలో జీవితకాలం భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నేను కూడా తల ఊపాను.

ఆ సభలో నేను ముందు వరుసలో కూర్చోవడం కేవలం కుర్చీల కొరత వల్ల జరిగింది. మంత్రివర్యుల ఆంతరంగిక కార్యదర్శి పానకాలు గారు నన్ను చూసి, "మాస్టారూ, మీది ఫిజిక్సేగా?" అన్నారు. అవునన్నాను. సభ ముగిసేలోపు నేను స్వర్ణాన్వేషణ సాంకేతిక సలహా సంఘానికి అధ్యక్షుడినయ్యాను. సంఘంలో ఇతర సభ్యులు లేకపోవడం వల్ల నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా జరిగాయి.

మొదటి కర్తవ్యం మెటల్ డిటెక్టర్‌ను ఎంపిక చేయడం. గెస్ట్ హౌస్‌లో అమ్మకానికి వచ్చిన యంత్రాలను వరుసగా పెట్టించి, మంత్రివర్యుల ఎదుట నేను విషయాన్ని క్రమపద్ధతిలో నివేదించాను. మన నల్లరేగడిలో ఇనుప ఖనిజం పాలు ఎక్కువ కనుక నాసిరకం యంత్రం మట్టినే లోహమనుకుని మోగుతుందన్నాను. యంత్రం అడుగున ఉండే చక్రాన్ని కాయిల్ అంటారని, చిన్న కాయిల్ చిన్న రేణువును పసిగడుతుందని, పెద్ద కాయిల్ లోతుకు చూస్తుందని, ఒకే కాయిల్ రెండు పనులనూ సమానంగా చేయలేదని చెప్పాను. బంగారపు రేణువులు సాధారణంగా చిన్నవి కనుక చిన్న కాయిల్‌నే సిఫారసు చేశాను. మంత్రివర్యులు కళ్ళు మూసుకుని విన్నారు. గాఢంగా ఆలోచించేటప్పుడు వారు అలాగే ఉంటారని, ఒక్కొక్కప్పుడు ఆ ఆలోచన పైకి కూడా వినిపిస్తుందని పానకాలు గారు నా చెవిలో చెప్పారు.

కళ్ళు తెరిచాక మంత్రివర్యులు మూడు ప్రశ్నలు వేశారు. వీటిలో పెద్దది ఏది? ఫొటోలో బాగా పడేది ఏది? సభలో వెనక వరుస దాకా మోత వినపడేది ఏది? మూడింటికీ ఒకే యంత్రం సమాధానమైంది. దాని కాయిల్ పెళ్ళిళ్ళలో పులిహోర కలిపే పళ్ళెమంత ఉంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే సన్నని శబ్దాలు కూడా స్పష్టంగా తెలుస్తాయని నేను మనవి చేశాను. మంత్రివర్యులు అంగీకరించలేదు. "నా ఒక్కడికే వినపడితే ఎలా మాస్టారూ? పారదర్శకత ఉండాలి," అన్నారు. యంత్రానికి ఒక మైకు కట్టి మైకు సెట్టుకు కలపాలని ఆదేశించారు. ఇన్నేళ్ళ బోధనలో నాకు ఈ ఆలోచన ఒక్కసారి కూడా తట్టలేదు.

యంత్రాన్ని అమ్మవచ్చిన కుర్రవాడు పరీక్ష కోసం దానిని అక్కడున్న కార్యకర్తల మీదుగా నడిపించాడు. ఒక్కొక్కరి మెడ దగ్గర, మణికట్టు దగ్గర, వేళ్ళ దగ్గర అది సంతోషంగా మోగింది. నా దగ్గరకు వచ్చేసరికి మౌనం వహించింది. పానకాలు గారు నా వైపు జాలిగా చూశారు. మంత్రివర్యులు మాత్రం, పార్టీని నమ్ముకున్నవారిలో బంగారం ఉంటుందని శాస్త్రీయంగా రుజువైందని పత్రికలకు చెప్పమన్నారు.

అన్వేషణకు రేగడిపాలెంలోని రసూల్‌బీ గారి చేను ఎంపికయింది. భూగర్భ కారణాలు ఏవీ లేవు. చేను రోడ్డు పక్కన ఉంది. కాన్వాయ్ నిలపడానికి అనువైన స్థలం. రసూల్‌బీ గారికి ఉన్నది ఆ పొలం చెక్క ఒక్కటే. మొక్కలు రెండో కోతకు వచ్చి ఎర్రగా వంగి ఉన్నాయి. మొదటి కోత కాయ పక్కనే కల్లంలో ఎండుతోంది. బంగారం ఉన్నట్టు తేలితే ఆ చేనును గని కోసం సేకరిస్తారని ఆమెకు ముందు రోజే చెప్పారు. పరిహారంగా ఆమె ఫొటో జిల్లా కార్యాలయంలో శాశ్వతంగా ఉంటుందని కూడా చెప్పారు.

మేము వెళ్ళేసరికి ఆమె గట్టు మీద నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. గొంతు మాత్రం పక్క ఊరికి వినపడేది.

"అయ్యా, కాయ పండి ఉంది. మనుషులు తగిలితే రాలిపోద్ది. ఈ వారం ఆగితే కోసుకుంటాం."

"అమ్మా, మిర్చి ఏటా వస్తుంది. బంగారం ఏటా రాదు," అన్నారు మంత్రివర్యులు.

"ఏటా వచ్చేదేనయ్యా మాకు కూడు పెట్టేది."

ఈ మాటలోని దేశభక్తిని మంత్రివర్యులు మెచ్చుకున్నారు. మీరు ఇదివరకు కూడా మా చేలోకి వచ్చారయ్యా అని ఆమె ఇంకేదో చెప్పబోయింది. ప్రజలు తమను మరచిపోరని మంత్రివర్యులు విలేకరుల వైపు తిరిగి చెప్పారు. ఆమె మిగతా మాట మైకు సెట్టు మోతలో కలిసిపోయింది.

యంత్రాన్ని వాడేముందు గ్రౌండ్ బ్యాలెన్స్ చేయాలి. అంటే లోహం లేని నేల మీద కాయిల్‌ను పైకీ కిందికీ ఆడించి, ఇది వట్టి మట్టి, దీనికి మోగవద్దని యంత్రానికి నేర్పాలి. తరువాత సెన్సిటివిటీని నేల భరించగలిగినంతకే పెంచాలి. నడిపేవారు ఉంగరాలు, గడియారం, సెల్‌ఫోన్ తీసి పక్కన పెట్టాలి. ఈ మూడో నియమం వద్ద కొంత చర్చ జరిగింది. మంత్రివర్యుల ఎనిమిది ఉంగరాలను ఎనిమిది మంది జ్యోతిష్కులు పెట్టించారు. ఏది తీసినా ఒక గ్రహానికి కోపం వస్తుంది. చివరకు యంత్రాన్ని నేను పట్టుకునేటట్లు, ఫొటోలు తీసేటప్పుడు మాత్రం వారు పట్టుకునేటట్లు ఒప్పందం కుదిరింది.

నేను ఒకటికి రెండుసార్లు బ్యాలెన్స్ చేసి, కొబ్బరికాయ కొట్టడానికి యంత్రాన్ని పానకాలు గారి చేతికి ఇచ్చాను. తిరిగి తీసుకుని మీట నొక్కగానే అది కేకలు మొదలుపెట్టింది. కాయిల్‌ను కుడికి తిప్పినా కేకే, ఎడమకు తిప్పినా కేకే. ఆకాశం వైపు ఎత్తినా కేక తగ్గలేదు. మైకులో ఆ ధ్వని ఊరంతా వినిపించింది. కార్యకర్తలు జయజయధ్వానాలు చేశారు. మంత్రివర్యులు అక్కడికక్కడే ఊరి పేరును స్వర్ణపాలెంగా మార్చారు.

రసూల్‌బీ గారు గట్టు మీద కూలబడింది. పక్క చేను రైతు జాన్ బాషా వచ్చి ఆమె దగ్గర నిలబడ్డాడు.

"వదినా, లేవే. చూద్దాం."

"ఏంది రా చూసేది? ఇయ్యాల నాది, రేపు నీది."

నేను యంత్రాన్ని తలకిందులు చేసి చూశాను. కాయిల్ అడుగున దిష్టి తగలకుండా పసుపు దారంతో ఒక రాగిరేకు తాయెత్తు కట్టి ఉంది. నిమ్మకాయ ఒక్కటే కడితే శక్తి చాలదని పానకాలు గారు వివరించారు. రాగి కూడా లోహమేనని నేను సవినయంగా మనవి చేశాను. "లోహమే మాస్టారూ, కాదనలేదు. కానీ ఇది మంత్రించింది," అన్నారు వారు. అయినా నా వయసును గౌరవించి రేకు విప్పనిచ్చారు. యంత్రం శాంతించింది. ఊరి పేరు మార్పును పునఃపరిశీలనకు పంపారు.

తరువాత నేను సాళ్ళ మధ్య నెమ్మదిగా నడిచాను. వెనుక ఫొటోగ్రాఫర్లు, వారి వెనుక కార్యకర్తలు, అందరి కాళ్ళ కింద ఎర్ర మిరపకాయలు. ఘాటుకు ఒకరి తరువాత ఒకరు తుమ్మారు. తుమ్ము శుభశకునమా అపశకునమా అని మంత్రివర్యులు అడిగారు. ఒక్కటైతే అపశకునం, వందయితే ప్రజాస్పందన అని పానకాలు గారు చెప్పారు. యంత్రం మాత్రం పలకలేదు. రసూల్‌బీ గారి ముఖంలోకి కొంచెం నెత్తురు వచ్చింది.

చేను నట్టనడుమ అది మోగింది.

ఈసారి తొందర లేని, స్థిరమైన మోత. పక్కకు జరిగితే ఆగుతోంది. అదే చోటికి తిరిగి వస్తే పలుకుతోంది. నా శాస్త్రజ్ఞానం మేరకు ఇది అసలైన సంకేతమే. అది ఏ లోహమో తవ్వితే గాని చెప్పలేనన్నాను. మంత్రివర్యులు స్వయంగా గునపం అందుకుని, ఫొటో పూర్తయ్యేవరకు తవ్వారు. మిగతాది కూలీలు తవ్వారు. ఆ చోట ఉన్న మొక్కలను కాయతో సహా పీకి పక్కన పడేశారు. రసూల్‌బీ గారు అటు చూడలేదు.

మోకాలి లోతున ఒక రాగి చెంబు బయటపడింది. మూతికి కట్టిన బట్ట శిథిలమైపోయింది. లోపల మట్టిగా మారిన నవధాన్యాలు, కొన్ని రంగురాళ్ళు, వాటి నడుమ గోరంత బంగారు రేకు. చెంబు కింద పసుపు పూసిన ఇటుకలు వరుసగా పేర్చి ఉన్నాయి. జనం గోతి చుట్టూ మూగారు. పురాతన నిధి అని ఒక విలేకరి ఫోనులో చెప్పడం మొదలుపెట్టాడు. పానకాలు గారు చెంబును అటూ ఇటూ తిప్పి చూశారు.

"అయ్యా, ఇది నేను తెచ్చిన చెంబే," అన్నారు మెల్లగా. యంత్రానికి కట్టిన మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది కనుక, ఆ మైకు ఆయన నోటి దగ్గరే ఉంది కనుక, ఈ మాట వెనక వరుస వరకు వినిపించింది.

అది మంత్రివర్యులు మొదటిసారి శాసనసభ్యులైనప్పుడు జరిగిన సంగతి. రైతులు మిర్చి నిల్వ చేసుకోవడానికి కోల్డ్ స్టోరేజీ కడతామని ఈ చేలోనే శంకుస్థాపన చేశారు. ఆచారం ప్రకారం గోతిలో చెంబు పెట్టి, అందులో నవధాన్యాలు, రత్నాలు, కొంచెం బంగారం వేశారు. తరువాత వారు మంత్రి అయ్యారు. ఇతర బాధ్యతలు పెరిగాయి.

"మరి శిలాఫలకం ఏమైంది?" అని అడిగారు మంత్రివర్యులు.

"అదిగోనయ్యా, కల్లంలో ఉంది," అంది రసూల్‌బీ గారు. "రంగు పోయిన తాలుకాయ ఏరే ఆడోళ్ళు కూర్చుంటారని వేశాం. మీ పేరు తొక్కకూడదని బోర్లా తిప్పి వేశామయ్యా."

ఈ గౌరవానికి మంత్రివర్యులు కదిలిపోయారు. సామాన్యుడైతే ఇక్కడ తడబడేవాడు. వారు మైకు అందుకున్నారు. "ఈ నేలకు నేను బంగారం ఇచ్చాను. ఇన్నేళ్ళు ఎండకు ఎండి, వానకు తడిసి కూడా, ఈ నేల రవ్వంత పోనీయకుండా దాన్ని కాపాడింది. ఇలాంటి నిజాయితీ గల నేల ఏ రాష్ట్రంలో ఉంది?"

"దాచిన మాట నిజమేనయ్యా," అంది రసూల్‌బీ గారు. "మొలవనైతే మొలవలేదు."

చప్పట్లు కొట్టాలో వద్దో కార్యకర్తలు పానకాలు గారి ముఖం చూసి తెలుసుకోవాలనుకున్నారు. పానకాలు గారు చెంబు వైపు చూస్తున్నారు.

"నా చేను గనికి పోయినట్టేనా అయ్యా? ఆ మాట ఒక్కటీ చెప్పండి," అని ఆమె గట్టు దిగి వచ్చి అడిగింది.

మంత్రివర్యులు కొంతసేపు కళ్ళు మూసుకున్నారు. తరువాత ఆ చేను కోల్డ్ స్టోరేజీకి కేటాయించిన పవిత్ర స్థలమని, రైతుల ఆస్తి అయిన ఆ స్థలాన్ని గనికి మళ్ళించడం ప్రజాద్రోహమని, ఇచ్చిన మాట తప్పడం తమ రక్తంలో లేదని ప్రకటించారు. స్టోరేజీ కట్టేవరకు అక్కడ ఎవరూ పార వేయరాదన్నారు.

"కట్టేదాకా మిరప వేసుకోవచ్చాండి?"

"కట్టేదాకా చేను నీదే అమ్మా."

రసూల్‌బీ గారు కొంగు తలమీదికి లాక్కుని మంత్రివర్యులకు సలాం చేసింది. ఒక ప్రభుత్వ హామీని ఇంత నిండు మనసుతో స్వీకరించిన పౌరురాలిని నేను చూడలేదు. చెంబును పసుపు కుంకుమలతో మళ్ళీ గోతిలో పెట్టి మట్టి కప్పారు. అన్వేషణ మరునాడు పక్క చేలో, అంటే జాన్ బాషా చేలో, కొనసాగుతుందని పానకాలు గారు తెలియజేశారు.

మరునాడు పొద్దున్నే మేము బయలుదేరకముందే జాన్ బాషా గెస్ట్ హౌస్‌కు వచ్చాడు. వెంట రేగడిపాలెం రైతులందరూ ఉన్నారు. చేతుల్లో నిమ్మకాయలు, పూలదండలు. గేటు దాకా వరుస ఉంది. ఆందోళన ఏమోనని పోలీసులు సిద్ధమయ్యారు. అదేమీ కాదని, మంత్రిగారి చేతి చలవ తమ చేలకు కూడా కావాలని రైతులు చెప్పారు.

"మా చేలో కూడా ఒక శంకుస్థాపన చేయించాలి సార్," అన్నాడు జాన్ బాషా. "చెంబు మేమే తెచ్చుకుంటాం."

ఇంతటి ప్రజాభిమానం ఏ ఎన్నికలోనూ చూడలేదని మంత్రివర్యులు కళ్ళు తుడుచుకున్నారు. ఏం కట్టించమంటావని అడిగారు. ఆసుపత్రా? హాస్టలా?

"మీ దయ సార్. ఏదైనా పెద్దదే వేయండి."

"అయితే వంతెన. నాలుగు వరుసల వంతెన."

సాంకేతిక సలహా సంఘం అధ్యక్షుడిగా మౌనంగా ఉండడం నాకు ధర్మం కాదు. జాన్ బాషా చేను దరిదాపుల్లో వాగు గాని, కాలువ గాని, రైలు పట్టాలు గాని లేవని నేను మంత్రివర్యులకు గుర్తుచేశాను.

జాన్ బాషా నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"అందుకేగా మాస్టారూ. వంతెనే ఖాయం చేయించండి."