అరువొచ్చిన పిల్లలు

ఆ రోజు ధనలక్ష్మి పెట్టుకున్న పని చాలా చిన్నది. పటాన్‌చెరు దాటాక వచ్చే ఆ ఊళ్లో అంగన్‌వాడీలు రెండు. ఒకటి పాత ఊళ్లో, ఒకటి కాలనీలో. రెండూ చూసి, పిల్లలు ఎక్కువున్న చోట మూడేళ్ల మహితను చేర్చాలి. జోగిపేట వైపు నుంచి వచ్చి కిరాయి గదిలో దిగిన దగ్గర్నుంచి పిల్లకు ఆడుకునే తోడు లేదు, తల్లికి మాట్లాడే తోడు లేదు. మందుల కంపెనీలో రాత్రి షిఫ్టు చేసే మొగుడు శ్రీశైలానికి పగలంతా నిద్రే. ఆ మధ్య మహిత తలుపు గొళ్లేనికి అన్నం తినిపించబోయింది. అది చూసి ధనలక్ష్మి ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది.

బడికి వెళ్లడమంటే మాటలా అని పెళ్లిచీర కట్టి, చేతిసంచి తగిలించుకుని, మహితను చంకనేసుకుని, పాత ఊరి కేంద్రం గుమ్మంలో నిలబడింది. మనుషులతో మాట్లాడి ఎన్నాళ్లయిందో, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. వేలు చూపిస్తూ పిల్లల్ని మాత్రం లెక్కపెట్టింది. ఇద్దరే ఉన్నారు.

టీచర్ సత్యశ్రీకి పైప్రాణాలు పైనే పోయాయి. ఆయా బక్కమ్మను పక్కకు లాగి, "కొత్త సూపర్‌వైజర్! పిల్లను చంకలేస్కొని మామూలు మనిషి లెక్క వచ్చింది. నోరిప్పుతలేదు సూడు, గిసుంటోళ్లతోనే డేంజర్. జల్దీ ఫోన్ కొట్టి పిల్లల్ని తెప్పియ్యి!" అంది.

అధికారి వస్తే చుట్టుపక్కల కేంద్రాలన్నీ పిల్లల్ని అరువిచ్చుకోవడం అక్కడ మామూలే, చక్కెర అయిపోతే పక్కింటికి గిన్నె పట్టుకెళ్లినట్టు. కాసేపటికి వెనక తలుపు దగ్గర ఆటో నిండా పిల్లలు దిగారు. ఈలోగా ధనలక్ష్మికి కుర్చీ, చాయ్, ఉడకబెట్టిన గుడ్డు అందాయి.

"ఎండల వచ్చిన్రు మేడమ్, జెర తినుండ్రి" అంటూ సత్యశ్రీ విసనకర్ర అందుకుంది.

ఇంత మర్యాదా! ధనలక్ష్మి కళ్లు చెమర్చాయి. ఊరు మంచిదే, తనే అనవసరంగా గదిలో కూర్చుంది అనుకుంది.

"మంచిగుంది. ఇగ కాలనీల ఉన్నది గూడ సూసొస్త" అంది.

అంతే, బక్కమ్మ పిల్లలందర్నీ పోగేసి, మేడమ్ కంటే ముందే చేరేలా ఆటోలో కాలనీకి తోలేసింది. ఆ కంగారులో మహితనూ ఎక్కించేసింది.

ధనలక్ష్మి చాయ్ గ్లాసు దించి చూస్తే గది ఖాళీ. "నా బిడ్డేది?" అని కేక పెట్టింది. సత్యశ్రీ నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. చెబితే ఉద్యోగానికి ఎసరు, చెప్పకపోతే పిల్లను మాయం చేసిందంటారు. చివరికి ధనలక్ష్మి చెయ్యి పట్టుకుని కాలనీకి పరుగు తీసింది.

అక్కడ మహిత పిల్లల మధ్య కూర్చుని, బుగ్గన గుడ్డుసొనతో కిలకిలా నవ్వుతోంది. ఈ ఊరొచ్చాక ఆ నవ్వు వినడం ధనలక్ష్మికి అదే మొదలు.

"రిపోర్టు రాయకుండ్రి మేడమ్, మీ కాళ్లు మొక్కుత!" అంది సత్యశ్రీ.

"రిపోర్టేంది? నేను సంగయ్య ఇంట్ల కిరాయికుంట. బిడ్డను చేర్పిద్దామని వచ్చిన."

రెండో గుడ్డు తెస్తున్న కాలనీ ఆయా గుడ్డుతో సహా వెనక్కి మళ్లింది. "గా మాట ముందుగాల్నే చెప్పొద్దా? పొద్దుగాల్నుంచి పానం తీస్తివి గద!" అంది సత్యశ్రీ. పిల్లలు మళ్లీ ఆటో ఎక్కి ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. కాలనీ కేంద్రానికి మిగిలింది ఒక్కడు. మహిత దుమ్ములో నిలబడి ఆటో కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపింది.

మర్నాడు మహితను పాత ఊరి కేంద్రంలోనే చేర్చింది. అక్కడున్న ఇద్దరూ అన్నం తిని పడుకున్నారు. ధనలక్ష్మి గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

ఆ ఊళ్లో అధికారి జల్దీ రావాలని మొక్కుకున్న మనిషి ఇంతవరకు ధనలక్ష్మి ఒక్కతే.