అన్నయ్య ఫైలు, తమ్ముడి కన్ను

బుధవారం పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి, తెనాలి కంటి ఆసుపత్రిలో స్కాన్ తీయించుకుని, భోజనాల వేళకు తిరిగొచ్చేయాలన్నది పాండురంగారావు ఇంట్లో చెప్పిన పథకం. ఇంట్లో చెప్పని పథకం ఇంకొకటుంది.

మూడేళ్ళ క్రితం ఆయనకు గ్లకోమా అని తేలింది. కంటి వెనక నరం చడీచప్పుడూ లేకుండా చచ్చిపోయే జబ్బు అది. ఏడాదికోసారి ఆ నరాన్ని ఫోటో తీసి, పోయినేటి ఫోటో పక్కన పెట్టి, ఎంత పలచబడిందో చూస్తారు. రోజూ చుక్కల మందు వేసుకుంటే జబ్బు అక్కడే ఆగుతుందన్నారు. మంట పుడుతోందని పాండురంగారావు ఆరు నెలలుగా ఆ చుక్క కంట్లో కాకుండా వాష్‌బేసిన్లో వేస్తున్నాడు. సీసా ఖాళీ అవుతున్నందుకు భార్య కుసుమకుమారి సంతోషిస్తోంది.

"ఈసారి నరం రవ్వంత తగ్గిందన్నా స్కూటరు తాళాలు నాకిచ్చెయ్యాలి. తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కుదరదు," అందావిడ టిఫిన్ పెడుతూ.

రోజూ పెనుమూడి దాకా పోయి పొలం చూసుకుని, నలుగురితో ఓ గంట మాట్లాడి రాకపోతే ఆయనకు అన్నం సయించదు. స్కూటరు పోయిందంటే ఇక అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను లెక్కపెట్టుకోవడమే. అందుకని బాపట్లలో ఉన్న తమ్ముడు లక్ష్మీనారాయణను తెనాలి స్టేషనుకు రమ్మన్నాడు. తమ్ముడికి అరవై దాటినా కళ్ళజోడు లేదు. ముక్కూ మొహమూ అన్నయ్యవే.

"అన్నయ్యా, ఇది తప్పు కదూ?" అన్నాడు లక్ష్మీనారాయణ, అన్నయ్య ఆసుపత్రి ఫైలు చంకలో పెట్టుకుంటూ.

"తప్పేంట్రా? నీ కన్నేమన్నా పీక్కుంటారా? గడ్డం ఆనించి, లోపల కనపడే చుక్కను చూస్తా కూర్చో. రెండు నిమిషాలు. అయ్యాక నేతి దోశె తిందాం."

స్కాన్ తీసే అజయ్ బాబు ముందు ఆ రోజు నలభై మంది ఉన్నారు. అతను కళ్ళు చూస్తాడే గానీ మొహాలు చూడడు. పాండురంగారావు మందుల షాపు పక్కన నక్కి కూర్చున్నాడు. గంట తర్వాత తమ్ముడు కాగితం పట్టుకుని బయటికొచ్చాడు.

"ఏమన్నార్రా?"

"నువ్వు గుడ్డివాడివైపోతున్నావంట అన్నయ్యా," అన్నాడు లక్ష్మీనారాయణ జాలిగా. "నరం ఏడాదిలో సగానికి సగం పోయిందంట. కంట్లో ప్రెషర్ కూడా బాగా ఎక్కువుందంట. శుక్రవారం పెద్ద డాక్టరమ్మ చూస్తారు, ఆపరేషన్‌కి సిద్ధమై రమ్మన్నారు."

కాగితంలో పోయినేడు పసుపున్న చోటల్లా ఎరుపే ఉంది. అన్నదమ్ములిద్దరూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మిషను చెడిపోయిందని తేల్చుకున్నారు.

"నిక్షేపంలాంటి నా కళ్ళకే ఇంత చెప్పిందంటే, నువ్వు కూర్చుని ఉంటే ఇంకేం చెప్పేదో!" అన్నాడు తమ్ముడు. ఇద్దరూ నవ్వుకుని దోశెలు తిన్నారు.

ఆసుపత్రివాళ్ళు ఆ రిపోర్టును ఫైల్లో ఉన్న నంబరుకు కూడా పంపారు. ఆ నంబరు కుసుమకుమారిది. పాండురంగారావు రేపల్లెలో రైలు దిగేసరికి ఆవిడ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏడుస్తోంది. భర్త చెయ్యి పట్టుకుని, "మెట్టుందండీ, జాగ్రత్త," అంటూ ఇంటిదాకా నడిపించింది. అప్పటికే స్కూటరు ఎదురింటి వెంకటప్పయ్యకు ఇచ్చేసింది. వెంకటప్పయ్య ఊరికే పుచ్చుకోవడం బాగుండదని, సాయంత్రం వచ్చి పేపరు మొత్తం చదివి వినిపించాడు. చావుకబుర్లు కూడా వదల్లేదు. చుట్టాలు బత్తాయిలతో దిగారు. నిజం చెప్పేస్తే వాష్‌బేసిన్ సంగతీ బయటపడుతుంది. పాండురంగారావు కుక్కిన పేనులా పడి ఉన్నాడు.

గురువారం లక్ష్మీనారాయణ భార్య భువనేశ్వరి భర్తతో కలిసి బాపట్ల నుంచి వచ్చి బావగారికి ఎదురుగా కూర్చుంది.

"నా మొహం కనపడుతోందా బావగారూ? బెంగపడకండి. మీకు కావాలంటే మా ఆయన ఒక కన్ను తీసి ఇమ్మన్నా ఇస్తారు."

లక్ష్మీనారాయణ గోడవైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు.

శుక్రవారం నలుగురూ తెనాలి వెళ్ళారు. ఆసుపత్రి ముందు రోడ్డు దాటించడానికి తమ్ముడు అన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు. కుడివైపు నుంచి ఆటో హారన్ కొడుతూ మీదికొస్తున్నా అడుగు ముందుకేశాడు. గుడ్డివాడు చొక్కా పట్టి వెనక్కి లాగకపోతే అక్కడే అయిపోయేవాడు.

"పాపం, బావగారు ఎంత భయపడుతున్నారో," అంది భువనేశ్వరి.

డాక్టర్ నీరజ రెండేళ్ళ ఫోటోలు కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"పాండురంగారావుగారూ, నరం పలచబడటం రోజూ చూస్తాను. కంట్లో రక్తనాళాలు దారి మార్చుకోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదండి. అవి వేలిముద్రల్లాంటివి, మారవు. ఇది మీ కన్ను కాదు. ఆ రోజు మిషను ముందు కూర్చుంది ఎవరు?"

కుసుమకుమారి భర్త వంక చూసింది. ఆ చూపు కనపడనంత గుడ్డితనం ఉంటే బాగుండునని ఆయనకు మొదటిసారి అనిపించింది.

"నేనేనండి," అన్నాడు లక్ష్మీనారాయణ నవ్వుతూ. "మా అన్నయ్య పోరు పడలేక..."

డాక్టరమ్మ నవ్వలేదు. అతని ఎడమకన్ను మూయించి, కుడిపక్క నుంచి వేలు మెల్లగా తెచ్చింది. "కనపడగానే చెప్పండి." వేలు చెవి దాటింది, చెంప దాటింది. ముక్కు దగ్గరికొచ్చాక, "ఆఁ, ఇప్పుడు," అన్నాడతను.

"కుడికన్ను చాలావరకు పోయిందండి. ఎడమది సగం ఉంది. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి."

"నొప్పి కూడా లేదే!"

"నొప్పి ఉంటే ముందే వచ్చేవారు." ఆవిడ పాండురంగారావు వైపు తిరిగింది. "ఇది అన్నదమ్ములకు కూడా వచ్చే జబ్బు, మీవాళ్ళందరికీ పరీక్ష చేయించమని మూడేళ్ళ క్రితమే చెప్పాను కదండీ."

చెప్పింది. తనకు జబ్బుందని నలుగురికీ తెలిస్తే నామోషీ అని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ మూడేళ్ళలో తమ్ముడి కళ్ళలో ఎంత వెలుతురు పోయిందో తలుచుకుంటూ తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. ఆయన స్కానూ అప్పుడే తీశారు. నరం కొంచెం తగ్గింది. స్కూటరు పోవడానికి అది చాలు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు, ఆయన కూడా.

లక్ష్మీనారాయణకు ఆపరేషన్ ఆ మరుసటి శుక్రవారం పెట్టారు. ఆకుపచ్చ గౌను తొడుక్కుని తలుపు దగ్గర నిలబడి, అతను వేళాకోళం చేయబోయాడు.

"అన్నయ్యా, దీనికి నా బదులు నువ్వు కూర్చోకూడదా?"

"కూర్చుంటాన్రా," అన్నాడు పాండురంగారావు. ఆయన వేళాకోళానికి అనలేదు.

స్కాన్ గది అజయ్ బాబు ఈసారి లక్ష్మీనారాయణ ఆధార్ కార్డు అడిగి తీసుకుని, అందులో ఫోటోనూ మొహాన్నీ రెండుసార్లు పోల్చి చూసి, లోపలికి పంపాడు.