మేత, రేపు పొద్దున

ఆ ఉదయం లింబాద్రి అనుకున్నది ఒక్కటే: పది గంటలకు మస్కట్ నుంచి చేపల శాఖ అధికారి వచ్చేసరికి చేపలు కడుపునిండా తిని హుషారుగా ఉండాలి. ఒమాన్‌లోని ఇబ్రి దగ్గర ఖర్జూరపు తోటకు నీళ్లిచ్చే సిమెంటు తొట్టిలో తిలాపియా చేపలు పెంచడం మొదలై ఎనిమిది నెలలైంది; వాటికి మేత వేసే పని లింబాద్రిదే. అధికారి సంతకం పెడితే లైసెన్సు. పెట్టకపోతే పెంపకం బంద్, లింబాద్రి జగిత్యాలకు వాపస్.

ఈ పెంపకానికి సలహాలిచ్చే చేపల నిపుణుడు జనార్దనరావు మస్కట్‌లోని ఘుబ్రాలో ఉంటాడు. ముందురోజు అతను తోట దగ్గరి దుకాణానికి చేసిన ఫోన్‌ను తోట డ్రైవర్ నిసార్ అహ్మద్ అందుకున్నాడు.

"సార్ ఏమన్నడు, నిసార్ భాయ్?"

"రేపు పొద్దున, మేత. గంతే ఇనబడ్డది. లైన్ కట్టయింది."

మిగతాది లింబాద్రే ఊహించుకున్నాడు. ఆరింటికల్లా రోజూ వేసే దానికి రెండింతలు మేత చల్లాడు. అరగంటకు చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచాయి. ఇంకా ఆకలి తీరలేదనుకుని మరో గంప కుమ్మరించాడు. ఈసారి ఒక్క చేపా మేత ముట్టలేదు. నాలుగైదు పక్కకు ఒరిగాయి.

నిసార్ వచ్చి తొంగిచూశాడు. "అవి మేతకు గాదు భాయ్, గాలికి తెరుస్తున్నయ్. కొత్త నీళ్లు పెట్టు, జల్దీ."

పంపు వేశారు. తొట్టి నిండి అంచుదాకా వచ్చింది. పాత నీళ్లు తోటలోకి వదలాలని కింది తూము తెరిస్తే చుక్క పోలేదు. తూముకున్న జాలీకి నానిన మేత పేరుకుపోయింది. అప్పటికి తొమ్మిదిన్నర. లింబాద్రి జాలీని ఊడబెరికాడు.

నీళ్లు పోయాయి. నీళ్లతోపాటు చేపలూ పోయాయి. జాలీ మళ్లీ బిగించేసరికి కాలువ పొడవునా వెండి మెరుపులు ఖర్జూరపు పాదుల్లోకి దూరుతున్నాయి.

అప్పుడే జీపు ఆగింది. అధికారీ, జనార్దనరావూ దిగారు.

జనార్దనరావు తొట్టినీ, కాలువనూ, లింబాద్రినీ వరసగా చూశాడు. "కడుపు నిండితే వాటికి గాలి చాలదు, మేత వద్దని ఫోన్ చేసి మరీ చెప్పాను కదయ్యా," అన్నాడు గొంతు తగ్గించి.

"వద్దన్నది రాలే సార్. మేత దాకనే వచ్చింది."

ఒమానీ అధికారి తొట్టి దగ్గరికి నడిచాడు. నీటిలో ప్రాణవాయువు కొలిచే మీటరు ముంచాడు. మూడుచోట్ల వల వేయించి, పడినవాటిని లెక్కబెట్టి కాగితం మీద రాసుకున్నాడు. ఆ పావుగంటలో జనార్దనరావు రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"రిజిస్టర్‌లో రెండువేల చేపలున్నాయి," అన్నాడు అధికారి ఇంగ్లిషులో. "ఇంత తొట్టికి వెయ్యికి మించితే ఎండాకాలంలో ఒక్కటీ మిగలదు. లైసెన్సు తిరస్కరిస్తూ ఆర్డరు రాసుకునే వచ్చాను. కానీ వలలో పడినవాటి లెక్కన ఇప్పుడు దాదాపు వెయ్యే ఉన్నాయి. మీరే తగ్గించారా?"

"సార్, అది నేను..." అంటూ లింబాద్రి హిందీలో మొదలుపెట్టాడు.

"నువ్వెళ్లి చెట్ల కింద చూడు లింబాద్రీ," అన్నాడు జనార్దనరావు తెలుగులో. తర్వాత అధికారి వైపు తిరిగి, "అవునండి. ఈ ఉదయమే," అన్నాడు.

అధికారి ఆర్డరు చించి జేబులో వేసుకుని, లైసెన్సు మీద సంతకం పెట్టాడు.

ఆ నెల నివేదికలో జనార్దనరావు దాన్ని "ముందస్తు పథకం ప్రకారం జరిపిన తగ్గింపు" అని రాశాడు. మధ్యాహ్నం దాకా బురదలో మోకాళ్ల మీద పాకుతూ చేపలు ఏరిన లింబాద్రికి మాత్రం ఆ పథకం సంగతి ఎవరూ చెప్పలేదు.