మచ్చలు లేని సత్తెబ్బాయి

పాడైన ఫోటోను కంప్యూటర్లో బాగుచేయిస్తే అందులోని మనిషి మూడు పనిదినాల్లో ఇంటికి తిరిగొచ్చే పద్ధతి ఆ మునిసిపాలిటీలో అమల్లోకి వచ్చి ఏడాది దాటింది. జనానికీ అలవాటైపోయింది. ఫారంలో పోయిన తేదీ, ఒంటికి పడని కూరలు, ఇంట్లో మంచం ఉందో లేదో రాస్తే చాలు.

మాణిక్యం తన పెనిమిటి సత్తెబ్బాయి ఫోటో పట్టుకుని పదకొండు వారాలు మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగింది. చెదలు కొట్టి సగం మొహమే మిగిలిన ఫోటో అది. అతను పోయి పద్దెనిమిదేళ్ళయినా ఆమెకి బెంగ పిసరంత తగ్గలేదు. కొబ్బరికాయలు దింపేవాడు. మొహం నిండా మశూచి గుంటలు. ఆ గుంటలు చేతికి తగిలితే గానీ ఆమెకి నిద్రపట్టేది కాదు. ఆ బుగ్గ ఇంకొక్కసారి తడమాలి. అంతే ఆమె కోరిక.

"చెదలు తిన్నచోటే పూడ్చు బాబూ. ఆయన మచ్చల జోలికెళ్ళకు," అని ఆపరేటర్ ఫిరోజ్‌కి మరీమరీ చెప్పింది.

ఫిరోజ్ మంచివాడే. కానీ పదిహేనేళ్ళు స్టూడియోలో దండవేసే ఫోటోలు చేసిన చెయ్యి అది. పోయినవాళ్ళని తెల్లగా చేసి, కోటు తొడిగి, వెనకాల జలపాతం పెట్టకపోతే అతనికి పని సగంలో వదిలేసినట్టుంటుంది. చెదల కన్నాలనీ మశూచి గుంటలనీ కలిపి నున్నగా పూడ్చేశాడు.

గురువారం పదింటికి సత్తెబ్బాయి ఆటో దిగాడు. మీగడ రంగు, నీలం కోటు, భుజాల మీద జలపాతం తడి. ఉక్కపోసి కోటు విప్పితే లోపల చొక్కా ఫోటోలో కనబడినంత మేరే ఉంది. మాణిక్యం బుగ్గ తడిమింది. గాజుపలక తడిమినట్టుంది. ఏడుపు తన్నుకొచ్చింది.

మర్నాడే అతన్ని ఆఫీసుకి తీసుకెళ్ళింది. "ఈయన మా ఆయన కాదు బాబూ. నా పాత ఫోటో ఏది?"

గుమాస్తా మనిషినీ బాగుచేసిన ఫోటోనీ పక్కపక్కన పెట్టి చూశాడు. "సరిగ్గా సరిపోయాడు కదమ్మా. పాత ఫోటోనా? పనవగానే చింపేస్తాం. ఒక మనిషికి రెండు మొహాలుండకూడదని రూలు."

బెంచీ మీద మర్యాదగా కూర్చున్న సత్తెబ్బాయి అప్పుడు నోరు విప్పాడు. "అయ్యా, మా మాణిక్యం ఎక్కడుందండి? వచ్చిన కాణ్ణించీ ఈ మామ్మగారే అన్నం పెడతన్నారు గానీ, అదెక్కడా అగుపడట్లేదండి."

గొంతు అచ్చం అతనిదే. అందులోని బెంగ కూడా.

మాణిక్యం ఫిరోజ్ బల్ల దగ్గరికెళ్ళి సంచిలోంచి తన ఫోటో తీసి పెట్టింది. "బతికున్నోళ్ళకీ చేస్తారా బాబూ?"

"ఎక్కువ వచ్చేది వాళ్ళే మామ్మా."

"అయితే ఈ ముడతలన్నీ తీసెయ్. ఆయన పక్కన ఎబ్బెట్టుగా లేకుండా కాస్త తెలుపు కూడా చెయ్యి."

ఫిరోజ్ ఆమెని వరసలో నిలబడమన్నాడు. వరస గుమ్మం దాటి రోడ్డు దాకా ఉంది. అందులో అందరూ ఎవరి ఫోటో వాళ్ళే పట్టుకుని నిలబడ్డారు.