ఎస్తర్ ఇంటర్వ్యూకు రెండో లైను

ప్రొద్దుటూరులో మా వీధి ఇంటర్నెట్టుకు మా ఆవిడంత మొండితనం ఉందని నేనంటాను. నా అంత బద్ధకం ఉందని ఆవిడంటుంది. ఏదైతేనేం, సరిగ్గా పనిపడినప్పుడే అది పడుకుంటుంది.

పులివెందులలో ఒక కాలేజీ నుంచి మా ఆవిడ ఎస్తర్‌కు కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగానికి పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూ వీడియోలో. పిల్లలు పెద్దయ్యేదాకా ఓపిక పట్టిన మనిషి. ఆ పొద్దు నెట్టు పోతే పాపం నాకే చుట్టుకుంటుందని రంగంలోకి దిగాను.

కేబుల్ నెట్టుకు తోడు సిమ్ము వేసే డబ్బా ఒకటి తెచ్చాను. అటక మీది పాత కంప్యూటరును దించి రెండింటికీ కాపలా పెట్టాను. ఇంట్లో ఎవరు ఏం చూడాలన్నా దాని గుండానే పోవాలి. ఒక లైను పడిపోతే అదే రెండో లైనుకు మళ్లిస్తుంది. దీన్ని ప్రాక్సీ అంటారని ఎస్తర్‌కు వివరించాను. కాలేజీలో ఒకడి హాజరు ఇంకొకడు పలికేది కూడా ప్రాక్సీయే కదా, అదేమన్నా మంచి పనా అని అడిగింది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మా అత్త దీవెనమ్మ జమ్మలమడుగు నుంచి వచ్చి ఉంది. ఆమె ఫోనులో సీరియల్ పెట్టిందంటే ఇంట్లో ఇంకెవరికీ నెట్టు మిగలదు. ఆ మాట ఆమెతో అనే ధైర్యం లేక, గుట్టుగా కంప్యూటరుకు చెప్పాను: వీడియో ఏదొచ్చినా ఆపు, బదులుగా నేను రాసిన నోటీసు చూపించు.

ఇంటర్వ్యూ పొద్దున ఎస్తర్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని లింకు నొక్కింది. తెర నిండా ఎర్రటి అక్షరాలు. మా అత్త కళ్లద్దాలు సర్దుకుని, చర్చిలో వాక్యం చదివినట్టు నిదానంగా చదివింది.

"అత్తమ్మా, సీరియళ్లు చాలు. కాసేపు ప్రార్థన చేసుకోండి."



"ఇది నా కోసరమే రాసినావా నాయనా?" అంది మా అత్త మెల్లగా.

జవాబు చెప్పే తీరిక లేనట్టు, పాత కంప్యూటరు పెట్టిన టేబుల్ కిందికి దూరాను. ఏం చేయాలో తోచక కేబుల్ లైను పీకాను. నా ఏర్పాటు రెప్పపాటులో రెండో లైనుకు మారింది. అంత చక్కగా పనిచేస్తుందని నేనే అనుకోలేదు. అదే నోటీసు ఈసారి ఇంకా తొందరగా వచ్చింది. పాస్‌వర్డు కొడితే కంగారులో తప్పు పడింది. ఎలాగో నిషేధం ఎత్తేసి, చెమట తుడుచుకుంటూ తల బయట పెట్టాను.

కుర్చీ ఖాళీ. ల్యాప్‌టాప్ కూడా లేదు.

"ఎస్తర్ హజరాబీ ఇంటికి పోయి శానాసేపాయె," అంది మా అత్త.

పక్కింటికి పరుగెత్తాను. హజరాబీ వేలు పెదవుల మీద పెట్టి నన్ను గడపలోనే ఆపింది. లోపల ఎస్తర్ తెరవైపు చూస్తూ, నవ్వుతూ, ఏదో పాఠం చెబుతోంది.

అంతా అయ్యాక బయటికొచ్చి, సోమవారం నుంచి రమ్మన్నారంది. నా ప్రాణం కుదుటపడింది. అంత గాభరాలో ఈ ఇల్లు ఎట్లా తోచిందని అడిగాను.

"నిన్ననే అక్కను అడిగిపెట్టినా. మీరు లైనుకు రెండో దోవ చూసినారు. నేను మీకు రెండో దోవ చూసుకున్నా."

హజరాబీ నవ్వాపుకుంటూ నా చేతికి టీ ఇచ్చింది. చుక్క చుక్కగా తాగుతూ అక్కడే కూర్చున్నాను. ఇంట్లో మా అత్త జవాబు కోసం ఎదురుచూస్తోంది.