దుబాసీ వాగీశం తోక

ఒక పెద్ద అడవిలో పద్దెనిమిది భాషలు తెలిసిన నక్క ఒకటి ఉండేది. పేరు వాగీశం. చీమ గొణుగుడు దగ్గర్నుంచి ఏనుగు ఘీంకారం దాకా తనకు అర్థం కాని మాట ఈ భూమ్మీద పుట్టలేదని, ఇకముందు పుట్టదలిస్తే ముందు తన దగ్గరికొచ్చి కనపడి వెళ్ళాల్సిందేనని చెప్పుకునేవాడు. నిజానికి అతనికి వచ్చింది అందరికీ వచ్చిన అడవి భాష ఒక్కటే. అందులోనూ బావమరిది పళ్ళు నూరుతూ మాట్లాడితే సగమే అర్థమయ్యేది.

మిగతా పదిహేడు భాషల్లో ఎవరూ పరీక్ష పెట్టలేదు. పెట్టేవాళ్ళకు కూడా రావాలి కదా.

ఆ అడవిలో ఒక మర్యాద ఉండేది. ఇద్దరు ఎదురుపడితే పలకరించుకోకూడదు. చూపు తిప్పుకుని, చెరో పక్కకి తప్పుకోవాలి. ఎవరి తాతను ఎవరి తాత తిన్నాడో తెలియదు, పలకరిస్తే ఆ సంగతి బయటికొస్తుంది, ఎందుకొచ్చిన గొడవ. ఇలా తరతరాలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అడవి ఎంతో సఖ్యంగా ఉండేది.

అలాంటి అడవిలోకి ఓ వానాకాలం కుక్క ఒకటి వచ్చిపడింది. కుందేలును తరుముకుంటూ వచ్చింది. కుందేలు తప్పించుకుంది, కుక్క దారి తప్పింది. ఒక చెవి నిక్కి ఉండేది, ఇంకోటి మడిచి మర్చిపోయినట్టు వాలిపోయి ఉండేది. పాలు తాగే వయసు నుంచీ మనుషుల ఇంట్లో పెరిగింది కాబట్టి దానికి అడవి భాష రాదు. వస్తే భౌ, లేకపోతే కుయ్.

అడవి సభ జరిగే కొండచరియ వాకిట్లో చోటు చూసుకుని పడుకుంది. వచ్చినవాళ్ళందరినీ పలకరించడం మొదలుపెట్టింది.

మొదట దొరికింది ఎలుగుబంటి పోలన్న. తేనె కాంట్రాక్టులన్నీ ఆయనవే. సభ మధ్యలో లేచి వాగు దాకా వెళ్ళి, నీళ్ళు తాగి తిరిగొచ్చాడు, అంతే. కుక్క మాత్రం ఆయన యుద్ధానికి వెళ్ళి ప్రాణాలతో తిరిగొచ్చినట్టు ఎగిరింది, చుట్టూ గిర్రున తిరిగింది, కాళ్ళ మీద పడి దొర్లింది. పోలన్నకు ఏం చేయాలో తోచలేదు. మళ్ళీ వాగు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. మళ్ళీ అంతా జరిగింది. ఆ రోజు పోలన్న చాలా నీళ్ళు తాగాడు.

చివరికి ఆగలేక, అది ఏమంటోందని గాలిని అడిగాడు. గాలి పక్కనే వాగీశం ఉన్నాడు.

"తమరిని మించిన బలశాలి మూడు అడవుల్లో లేడంటోందండి," అన్నాడు వాగీశం.

ఆ సాయంత్రం వాగీశం ఇంటికి తేనెపట్టు వచ్చింది. మర్నాడు నెమలి సొగసయ్య వచ్చి, నా గురించి ఏమైనా అందా అని, ఏదో దారిన పోతూ అడిగినట్టు అడిగాడు. నీ తోక చూసి కళ్ళు చెదిరి నిన్న అన్నం తినలేదంటోందని వాగీశం చెప్పాడు. ఆఖరికి ముళ్ళపంది సూరమ్మ కూడా వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆమె దగ్గరికి ఎవరూ రాలేదు. కుక్క మాత్రం వచ్చి, మూతి పెట్టి, ముల్లు గుచ్చుకుని కుయ్యోమని అరిచింది. ఆ అరుపుకు అర్థమేమిటని సూరమ్మ భయపడుతూ అడిగింది.

"నీ వొళ్ళు పట్టులా ఉందంట సూరమ్మా."

సూరమ్మ తన వొళ్ళు తనే ఒకసారి తడిమి చూసుకుంది. వెళ్ళిపోతూ దాచుకున్న దుంపలన్నీ అక్కడే పెట్టి వెళ్ళింది.

ముసలి సింహం అప్పటికి అధ్యక్షుడు. కుక్క ఆయన్ని కూడా నాకింది. ఇది నమస్కారమేనా, లేక రుచి చూస్తోందా అని ఆయనకు అనుమానం వచ్చి, దీని మాటలు తర్జుమా చేయడానికో దుబాసీ ఉండాలని ఆజ్ఞ వేశాడు. వాగీశం దుబాసీ అయ్యాడు. ఉద్యోగంతో పాటు క్వార్టర్స్ వచ్చింది. వాగు ఒడ్డున చల్లని గుహ, వాన కురవదు, ఎండ తగలదు. అన్నిటికీ మించి బావమరిది ఉండడు. అప్పటిదాకా వాగీశం కాపురం తుమ్మపొదల కింద బావమరిది బొరియలో, వాడి కాళ్ళ దగ్గర. కుక్కను కూడా ఆ గుహలోనే పెట్టారు.

పెద్ద ఉద్యోగి కాగానే వాగీశానికి ఒక అలవాటైంది. ఎప్పుడు కూర్చున్నా తోకను కిందేసుకుని, దాని మీద గట్టిగా కూర్చునేవాడు. ఎందుకలా అంటే, హోదాలో ఉన్నవాళ్ళ ఆసనం అలాగే ఉంటుందని చెప్పేవాడు. అది చూసి ముంగిసలు కూడా అలాగే కూర్చోవడం నేర్చుకున్నాయి.

సాయంత్రం గుహకు వస్తే కుక్క గుమ్మంలో ఎగిరి మీదపడేది. ఛీ, బురద కాళ్ళు, అని వాగీశం గబుక్కున తోక మీద కూర్చునేవాడు. వాన పడేటప్పుడు అది అతని ముందరి కాలి మీద గడ్డం ఆనించి నిద్రపోయేది. కాలు తిమ్మిరెక్కినా వాగీశం కదపలేదు. నిద్రలో గొణిగే మాటల్లోనే అసలు వ్యాకరణం ఉంటుందని సభలో చెప్పాడు.

అంతా బాగానే ఉండేది, సింహం పదవీకాలం అయిపోకపోతే.

ఎన్నికలొచ్చాయి. కొత్త అధ్యక్షుడు కొత్త దుబాసీని పెట్టుకుంటాడు, క్వార్టర్స్ పోతుంది, మళ్ళీ బావమరిది కాళ్ళు. ఈ ఆలోచన రాగానే వాగీశానికి ఒకే దారి కనపడింది. తనే అధ్యక్షుడైపోవాలి. ఉపాయం కూడా సిద్ధంగానే ఉంది. అడవి మొత్తం కుక్క మాట వేదంలా వింటోంది. ఎన్నిక నాడు కుక్క నేరుగా వచ్చి తన వెనక నిల్చుంటే, మిగతావాళ్ళు ఆలోచించేదేముంది. నీటిపిల్లిని బతిమాలి ఒక ఎండుచేప సంపాదించి, తోక కింద దాచుకున్నాడు.

అక్కడ ఓట్లంటే చీటీలు కావు. పోటీ చేసేవాళ్ళు మైదానంలో నిల్చోవాలి, ఓటేసేవాళ్ళు వెళ్ళి నచ్చినవాళ్ళ వెనక వరసగా నిల్చోవాలి. ఎవరి వెనక వరస పొడుగ్గా ఉంటే వాళ్ళే అధ్యక్షులు. చూసి చెప్పడానికి తాబేలు నిదానయ్య ఎన్నికల అధికారి. రూలంటే ప్రాణం ఆయనకి. పిడుగు పడినా, రూల్లో పిడుగు ఉందా అని చూసుకుని మరీ ఉలిక్కిపడే రకం.

పోటీ చేసేవాళ్ళు ముందుకు రావాలని నిదానయ్య పిలిచాడు. వాగీశం ఠీవిగా వెళ్ళి నిల్చున్నాడు. పక్కన పోలన్న వచ్చి నిల్చున్నాడు. ఆ పక్కన సొగసయ్య. ఆ పక్కన అడవిపంది, దాని పక్కన దాని తమ్ముడు. కోతులు మొత్తం. ముంగిసలు తోక మీద కూర్చుని మరీ నామినేషన్ వేశాయి. సూరమ్మ కూడా ఓ పక్కగా, సిగ్గుపడుతూ నిల్చుంది.

మైదానం అంతా అభ్యర్థులే. ఓటేసేవాళ్ళ వైపు గడ్డి తప్ప ఏమీ లేదు.

నువ్వెందుకు నిల్చున్నావంటే నువ్వెందుకని గొడవ మొదలైంది. మూడు అడవుల్లో నన్ను మించినవాడు లేడని కుక్కే చెప్పిందని పోలన్న బయటపెట్టాడు. నాకూ అదే చెప్పిందని సొగసయ్య, మాకు కూడానని కోతులు. అందరూ మెల్లగా దుబాసీ వైపు తిరిగారు.

"దానికి అందరంటే గౌరవం అండీ," అన్నాడు వాగీశం, తోక సర్దుకుని దాని మీద కూర్చుంటూ. "ఇప్పుడు దాన్నే తేల్చమందాం."

అందరికీ అది నచ్చింది, ఎందుకంటే కుక్క తన దగ్గరికే వస్తుందని ప్రతివాళ్ళకీ తెలుసు. కుక్కను మైదానం మధ్యలో వదిలారు. అది అందర్నీ పేరుపేరునా నాకుతూ బయల్దేరింది. పోలన్న కాళ్ళ మీద దొర్లింది. సూరమ్మను మళ్ళీ మూతితో పొడిచి, మళ్ళీ కుయ్యోమంది. అంతలో ఎండుచేప వాసన తగిలింది. ముక్కు ఎగరేసుకుంటూ తిన్నగా వాగీశం వైపు నడిచింది. ఇంకో రెండు బారలు. వాగీశానికి గుహ, వాగు, చల్లగాలి అన్నీ కళ్ళ ముందు కదిలాయి.

అప్పుడు అడవి అంచు నుంచి ఓ మనిషి గొంతు వినపడింది. మేకల్ని తోలుకునే ఆడమనిషి ఎవరో.

"గుండూ... ఒరే గుండూ, యాడ పోతివిరా. నువ్వు లేక ముద్ద దిగడంల్యా నాయనా. దా, దా."

కుక్క ఆగిపోయింది. ఇన్నాళ్ళూ వాలిపోయి ఉన్న ఆ రెండో చెవి కూడా నిక్కింది. ఎండుచేప వంక చూడను కూడా చూడలేదు. పరుగు తీసింది.

పట్టుకోండి, పట్టుకోండని అడవి అంతా దాని వెనక పడింది. కాలిబాట ఇరుకు, పక్కన ముళ్ళు, దాంతో ఒకరి వెనక ఒకరే పరిగెత్తాలి. అడవి అంచులో ఆ మనిషి చేతులు చాచి కూలబడి ఉంది. కుక్క వెళ్ళి ఆమె ఒళ్ళో పడింది. ఆమెకు కుక్క భాష రాదు, దానికి మనిషి భాష రాదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకుంటున్నారు, ఇద్దరికీ అంతా అర్థమవుతోంది. మధ్యలో దుబాసీ లేడు. ఆ లోటు ఉన్నట్టు కూడా ఎవరికీ కనపడలేదు.

జంతువులన్నీ మనిషిని చూసి, ఎక్కడివక్కడ బాట మీదే బిగుసుకుపోయాయి.

నిదానయ్య ఎప్పటికో వచ్చి చేరాడు. బాట పొడుగునా చూశాడు. కుక్క ముందుంది. దాని వెనక అడవి మొత్తం ఒకే వరసలో ఉంది. రూలు గుర్తుచేసుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. గుండు గారు ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించాడు.

అధ్యక్షుల వారు అప్పటికే మేకల వెనక ఊరి దారి పట్టారు.

ఆ తర్వాత అడవిలో పాలన ఎంత బాగుందో చెప్పలేం. ఏ తగాదా వచ్చినా అధ్యక్షుల వారు ఊళ్ళో లేరని, అంటే ఊళ్ళోనే ఉన్నారని, వాయిదా వేస్తున్నారు. వాయిదాల్లో తగాదాలు చల్లారిపోతున్నాయి. గుండు గారు ఉన్న క్వార్టర్స్ ఇప్పుడు అధ్యక్షుల వారిదే కాబట్టి నిదానయ్య దానికి రాయి అడ్డం పెట్టించాడు. వాగీశం బావమరిది కాళ్ళ దగ్గరికి చేరాడు. ఇంకో సంగతి. ఎదురుపడితే చూపు తిప్పుకునే మర్యాద పోయింది. పోలన్న వాగు నుంచి వస్తుంటే కోతులు కొమ్మలు ఊపుతున్నాయి. కుక్క అంత బాగా కాదు, కానీ నేర్చుకుంటున్నాయి.

అధ్యక్షుల వారి ఆదేశాలు తేవడానికంటూ వాగీశం మాత్రం అప్పుడప్పుడు అడవి అంచుకు వెళ్ళొస్తాడు. వచ్చేటప్పుడు మొహం తడిగా ఉంటుంది. ఒకసారి దారిలో సూరమ్మ ఎదురై, గుండు ఏమన్నాడని అడిగింది.

"నాకు తెలీదు సూరమ్మా. ఎప్పుడూ తెలీదు."

"అయితే నా వొళ్ళు పట్టులా ఉందన్నది?"

"ఆ మాట నాది. ముల్లు గుచ్చుకున్నా మర్నాడు మళ్ళీ నీ దగ్గరికే వచ్చింది చూడు, అది దానిది."

సూరమ్మ దుంపల సంగతి ఎత్తకుండా వదిలేసింది. కానీ ఇంకోటి అడిగింది. ఆ రోజు అందరికంటే ముందు పరిగెత్తింది నువ్వే కదా, చేప కూడా పారేసి, పదవి కోసమేనా అని.

కాదన్నాడు వాగీశం. అక్కడితో ఆగితే బాగుండేది. ఇన్నాళ్ళూ తోక మీద కూర్చున్నది హోదా కోసం కూడా కాదని, కుక్క కనపడితే చాలు ఆ తోక దానంతటదే ఊగుతుంటే ఆపే దారి తెలియకేనని, ఆ రోజు పరిగెత్తేటప్పుడు కూర్చోవడానికి వీల్లేక అడవి అంతా చూస్తుండగానే ఊగిపోయిందని చెప్పేశాడు.

నీతి: కుక్క మాటలు నాకు తెలుసని ఎవరైనా అంటే నోటి వంక చూడకండి, తోక ఎక్కడ దాచాడో చూడండి.