పూల అంచులో అంతయ్య

ఆ రోజు పొద్దున బాలకిషన్‌రావు పథకం చాలా చిన్నది. చాయ్ తాగడం, ఒక సన్మాన చిత్రాన్ని వాట్సాప్‌లో పెట్టడం, పెద్దపల్లిలో రైలెక్కి ఢిల్లీ పోవడం. చాయ్ మాత్రం అనుకున్నట్టే జరిగింది.

కరీంనగర్‌లో స్థిరపడిన ఈ రిటైర్డు లెక్చరర్ ఒక జాతీయ మండలికి జిల్లా బాధ్యుడు. దేశమంతటా ఇంటర్నెట్ తెరిచి ఉండాలి, అందరికీ అందాలి, నమ్మదగినదై ఉండాలి అన్నది ఆ మండలి ఆశయం. అందుకని వేములవాడ అవతల ఉన్న తన సొంతూరిని ఆయన నమూనా గ్రామంగా తీర్చిదిద్దాడు. ఊరందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. అందులో రాసే హక్కు అడ్మిన్‌కు, అంటే ఆయనకు, ఒక్కడికే. అబద్ధం చొరబడకుండా ఉండడానికట. నెట్టు అందరిదీ అని ఉపన్యాసం చెప్పేవాడు, ఎదురు ప్రశ్న వేసినవాణ్ని మీటింగు బయటికి నెట్టేవాడు. పంచాయతీ ఆఫీసు ముందు జనాన్ని కూర్చోబెట్టి పాఠం మీద పాఠం వల్లె వేయించాడు: తెలియని నంబరు ఎత్తొద్దు, గొంతు విని నమ్మొద్దు, వీడియోలో కనిపించేదంతా మనిషి కాదు, మన గ్రూపులో వచ్చిందే నిజం. ఊరు బుద్ధిగా నేర్చుకుంది. అసలు ఆపద అక్కడే ఉంది.

ఆ ఊరి అంతయ్య చాలా ఏళ్లుగా గల్ఫ్‌లో పని చేస్తున్నాడు. పంచాయతీ ఆఫీసుకు వైఫై పెట్టించింది అతనే. మండలి వారు అతణ్ని ‘ఇంటర్నెట్ మిత్ర’గా ఎంపిక చేశారు. మండలి గుర్తు వెలిగే దీపం. కాబట్టి బొమ్మలో దీపం ఉండాలి, చుట్టూ పూలుండాలి, ఘనంగా ఉండాలి అని బాలకిషన్‌రావు ఫ్లెక్సులు చేసే సాగర్‌కు చెప్పాడు. దీపం, పూలు, ఘనత మూడూ ఉన్న నమూనా సాగర్ దగ్గర ఒకే రకానిది ఉంది. దాని గిరాకీ ఎక్కువగా ఆస్పత్రుల వైపు నుంచి వస్తుంది. గుండ్రటి చట్రంలో నవ్వు లేని పాస్‌పోర్టు ఫోటో, చుట్టూ బంతిపూలు, అటొక దీపం ఇటొక దీపం, కింద రావుగారు స్వయంగా చెప్పి రాయించిన వాక్యం: ‘అంతయ్యా, నీ సేవలు మరువలేనివి.’

భార్య మనోరమ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. “జర ఎట్లనో ఉన్నదండి ఇది,” అన్నది.

“ఘనంగ ఉన్నది.”

“గంత ఘనంగ ఎవ్వరు బతికుండంగ ఉండరు.”

వైఫై అందినంత సులువుగా వైఫు మాట ఆయన చెవికి అందదు. బొమ్మను గ్రూపులో పెట్టి, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. రైలు కదిలేలోపే బొమ్మ కింద, రాసే హక్కు లేనివాళ్లు నొక్కిన చేతులు జోడించిన గుర్తులు బారులు తీరాయి. ఊరంతా తనకు దండం పెడుతున్నదని ఆయన ఉప్పొంగిపోయాడు. ఆసిఫాబాద్ అడవుల్లో సిగ్నల్ పోయేదాకా ఉప్పొంగుతూనే ఉన్నాడు.

ఊళ్లో అంతయ్య అంతమయ్యాడు.

అంతయ్య భార్య జమున బీడీలు చుడుతూ ఆ బొమ్మ చూసింది. చేట ఒడిలోంచి జారి తునికాకు ముక్కలు వాకిలంతా చెదిరాయి. బిడ్డ నవత కాలేజీ నుంచి పరుగున వచ్చింది. అంతయ్య అన్న సదానందం మండల కేంద్రానికి పోయి శవపేటిక ఎన్ని రోజులకు వస్తుందో వాకబు చేశాడు. అక్కడివాళ్లు నెల పట్టొచ్చన్నారు. డప్పులవాళ్లకు కబురు వెళ్లింది. ఆ ఊళ్లో అంతదాకా రావుగారు కొట్టుకునే సొంత డప్పు ఒక్కటే వినిపించేది.

చీకటి పడకముందే పెద్ద ఆడవాళ్లు కూడి, రేపు పొద్దున జమున గాజులు తీయించాలని తీర్మానించారు. శవం వచ్చిందాక ఆగమని ఆమె బతిమాలింది. చావు కబురు ఇంటికి వచ్చాక ముత్తయిదువ వేషంలో ఉంటే ఇంటికి అరిష్టమన్నారు. ఆమె మోచేతులు కడుపుకు అదుముకుని గోడ మూలకు ఒదిగి కూర్చుంది.

అక్కడ గల్ఫ్‌లో అంతయ్య తన బొమ్మ చూసుకుని ముందు మురిశాడు, గదిలో అందరికీ చూపించాడు. తోటివాడొకడు అతని భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడు అర్థమైంది. తనకు తెలియకుండానే తాను పోయానని తెలుసుకున్న మనిషి చేసే మొదటి పని ఇంటికి ఫోన్ చేయడం. ఆ దేశంలో వాట్సాప్ కాల్ పోనివ్వరు. మామూలు కాల్ చేస్తే ఇక్కడ ప్రతిసారీ ఏదో ముక్కూమొహం తెలియని నంబరు కనిపిస్తుంది. జమున ఫోన్ చేతిలో పెట్టుకున్న సదానందం దాన్ని కోసేశాడు. మళ్లీ వస్తే మళ్లీ కోశాడు. గ్రూపులో రాద్దామంటే అంతయ్యకు ఆ హక్కు లేదు. చివరికి ఏడుస్తూ జమున ఫోన్‌కు ఒక వీడియో పంపాడు.

ఊరు దాన్ని పెద్దగా చేసి చూసింది, రావుసారు నేర్పినట్టే. పెదాలు చూసింది, కళ్లు చూసింది. “మావోనికి జుట్టు మొత్తం తెల్లవడ్డది. వీనికి నల్లగున్నది,” అన్నాడు సదానందం. “గిది ఏఐ.”

అంతయ్య జుట్టుకు రంగు వేసుకుంటాడన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. జమున ఆ వీడియోను పదే పదే చూసింది. నమ్మాలని ఉంది, నమ్మడానికి భయంగా ఉంది.

శవం ఎప్పుడొస్తుందో సారును అడగమని ఊరివాళ్లు మనోరమకు ఫోన్ చేయడంతో సంగతి బయటపడింది. ఆమె రైల్లో ఉన్న భర్తను సిగ్నల్ తిరిగి వచ్చాక ఫోన్లో పట్టుకుని, చెప్పవలసినవన్నీ చెప్పింది. బాలకిషన్‌రావు తన గొంతు రికార్డు చేసి గ్రూపులో పంపాడు: “అంతయ్య బతికే ఉన్నడు. తప్పు నాదే. నన్ను మాఫ్ చెయ్యండి.”

ఊరు దాన్నీ రెండుసార్లు విన్నది. “సారు నోట్ల తప్పు నాదే అన్న మాట ఎన్నడన్న ఇన్నమా?” అన్నాడు సదానందం. ఎవరూ వినలేదు. సారు ఫోన్‌ను దొంగలు పట్టారని తేల్చి, ఆ మాటను కూడా పక్కన పెట్టారు.

మర్నాడు పొద్దున్నే మనోరమ కారులో ఊరికి చేరింది. జమునను అప్పటికే పీట మీద కూర్చోబెట్టారు. మనోరమ అడ్డంపడి, తన భర్త ఫోన్లో స్వయంగా చెప్పాడని మొత్తుకుంది. “మీరు చెప్పేది గుడ ఫోన్ల ఇన్నదే కదమ్మా,” అన్నాడు సదానందం గౌరవంగా. ఒక ముసలావిడ జమున చెయ్యి పట్టుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. జమున చెయ్యి విడిపించుకుని తానే ఎత్తింది. అందరికీ వినపడేట్టు పెట్టింది.

“జమునా, నేనే. బతికే ఉన్ననే.”

“అయితే చెప్పు. బిడ్డ ఏం చదువుతుంది?”

“ఇంటర్.”

నవత తల దించుకుంది. ఆమె డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది.

“నేను రోజు పొద్దుగాల ఏం గోలి మింగుతున్న?”

“గోలీలా?” అన్నది ఆ గొంతు. “నువ్వు గోలీలు మింగుతున్నవా?”

వాకిలి నిండా గుసగుసలు లేచాయి. దొంగ దొరికిండు అని సదానందం ఫోన్ కోసం చెయ్యి చాచాడు. జమున ఇవ్వలేదు. పీట మీద నుంచి లేచి, కిందికి జారిన గాజులను మోచేతి దాకా తోసుకుంది.

“మోసగాడైతే అన్ని ఎరుకజేసుకొని వస్తడు బావా,” అన్నది. “ఇంటి సంగతి గింత గుడ తెల్వనోడు నా మొగడే.”

చెయ్యి పట్టుకున్న ముసలావిడ పీటను కాలితో మెల్లగా గోడ వైపు జరిపింది. డప్పులవాళ్లు లేచి బయటికి నడిచారు. జమున కొంగుతో ముఖం తుడుచుకుని ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించుకుంది.

బతికుండగా ఎన్నడూ అడగని మాటను అంతయ్య చచ్చిన మర్నాడు అడిగాడు: “గోలీలు దేనికే?”